తంబురా? తప్పెటా? : ఆదోని – ఎమ్మిగనూరు ప్రాంత ఆరాధనలో ఒక వాద్యం కథ

తెలుగు క్రైస్తవ ఆరాధనను గూర్చి జరిగిన పరిశోధనలలో ఎక్కువ భాగం కోస్తా జిల్లాలనో, మెదకు, దోర్నకల్ ప్రాంతాలనో ఆధారం చేసుకొన్నవే. కర్నూలు జిల్లా పడమటి కొస, అనగా ఆదోని, ఎమ్మిగనూరు, కోసిగి, కౌతాళం, ఆలూరు ప్రాంతం, ఈ చర్చలోకి అరుదుగా వస్తుంది. ఇక్కడ దోర్నకల్ వంటి మహాదేవాలయం లేదు, మెదకు వంటి గాజు కిటికీలు లేవు. అయినా ఆరాధన, కళ, సంఘజీవితం ఒకదానితో ఒకటి ఎలా ముడిపడి ఉంటాయో, ఎక్కడ ఆ ముడి వీడిపోయిందో తెలుసుకోవడానికి ఈ ప్రాంతం మంచి సాక్ష్యమిస్తుంది. ఈ వ్యాసంలో ఒక్క వాద్యాన్ని పట్టుకొని ఆ సంగతిని పరిశీలించదలచాను. ఆ వాద్యం తప్పెట. కొందరు డప్పు అంటారు, మా సీమలో పలక అని కూడా అంటారు.

ఈ ప్రాంతపు పల్లెల్లో ఆదివారం ఆరాధనకు వెళ్ళినవారికి ఢోలక్, తాళాలు, ఈ మధ్యకాలంలో కీబోర్డు, ప్యాడ్లు వినిపిస్తాయి. పట్టణంలో కొన్న ప్లాస్టిక్ టాంబొరిన్ కూడా కనిపిస్తుంది, దానికి ఎవరూ అభ్యంతరం చెప్పరు. అదే పల్లెలో పుట్టి, ఆ విశ్వాసుల తాతముత్తాతల చేతుల్లో పెరిగిన తప్పెట మాత్రం ప్రార్థన మందిరం గడప దాటదు. రెండూ చట్రానికి బిగించిన వాద్యాలే. కాబట్టి అభ్యంతరం వాద్యం ఆకారానికి కాదు. దాని తోలుకు, దానిని పట్టుకొనే చేతికి సంబంధించినది.

ముందుగా ఈ ప్రాంతపు సంఘచరిత్రను క్లుప్తంగా చూద్దాం. 1800లో నిజాము కంపెనీ ప్రభుత్వానికి అప్పగించిన దత్తమండలాలలో ఆదోని ఒకటి. 1808లో దత్తమండలాలను బళ్ళారి, కడప జిల్లాలుగా విభజించినప్పుడు ఆదోని బళ్ళారి వైపు చేరింది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేవరకు అక్కడే ఉండి, ఆ తరువాత ఆలూరుతోపాటు కర్నూలు జిల్లాలో కలిసింది. మిషనరీ చరిత్రలోనూ ఇది అంచు ప్రాంతమే. లండన్ మిషన్ వారు 1805లో విశాఖపట్నంలో తెలుగు సేవ ప్రారంభించారు. 1810లో జాన్ హ్యాండ్స్ బళ్ళారికి వచ్చాడు. ఆయన శ్రమ ప్రధానంగా కన్నడ భాషలో జరిగింది, కన్నడ బైబిలు అనువాదంతో ఆయన పేరు ముడిపడి ఉంది. తెలుగు సేవ కడపలో 1822 నుండి, గుత్తిలో 1881 నుండి సాగింది. తూర్పున కర్నూలులో అమెరికన్ బాప్తిస్టులు, నంద్యాలలో ఎస్.పి.జి. మిషన్ వారు పనిచేశారు. 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు నంద్యాల ఆంగ్లికన్ సంఘాలు 1975 వరకు బయటనే ఉండిపోయాయి. ఇన్ని ప్రవాహాల నడుమ ఉన్న ఆదోని ప్రాంతానికి తనదంటూ ఒక ఆరాధనా కేంద్రం ఏర్పడలేదు. ఎవరి ప్రార్థనక్రమం వారిదైనా అందరినీ కలిపింది పాట ఒక్కటే.

ఆ పాట ఎక్కడిది? ఎక్కువ భాగం ఆంధ్ర క్రైస్తవ కీర్తనలలోనిది. పురుషోత్తమ చౌదరి (1803–1890) వంటి భక్తులు కర్ణాటక సంగీత మర్యాదను, భక్తి సాహిత్యపు పదసంపదను సువార్తకు సమర్పించి చేసిన కీర్తనలవి. ప్రతి కీర్తన తలపైన రాగం, తాళం ముద్రించి ఉంటాయి. ఈ కీర్తనల భక్తి వేదాంతాన్ని ఆర్.ఆర్. సుందరరావుగారు 1983లో ప్రచురించిన గ్రంథంలో విపులంగా పరిశీలించారు. అయితే రాగం పేరు చదవగలిగినవారు పల్లె సంఘంలో ఎందరు? చదువురాని తల్లులు ఆ కీర్తనలను విని, నోటికి పట్టి, పండరి భజనల వరుసలోకి, చెక్కభజన నడకలోకి మార్చుకొని పాడుకొన్నారు. ఆదిలో ఏ రాగంలో కట్టారో ఆ రాగంలో మా పల్లెల్లో పాడిన కీర్తన నేనింతవరకు వినలేదు. దీనిని లోపంగా భావించేవారున్నారు. నా దృష్టిలో అది సంఘం తన పాటను తాను సొంతం చేసుకొన్న తీరు. మెదకు సమీపంలోని వడియారంలో పి.వై. లూకా, జాన్ కార్మన్ చేసిన అధ్యయనం (1968) కూడా పల్లె క్రైస్తవుల వేదాంతాన్ని తెలుసుకోవడానికి వారు పాడే కీర్తనలను శ్రద్ధగా చూసింది. అది సరైన మార్గమే. అక్షరం రానివారికి కీర్తనే బైబిలు, కీర్తనే ప్రశ్నోత్తరి.

కీర్తన లోపలికి వచ్చింది. భజన, కోలాటం, బుర్రకథ కొంతవరకు వచ్చాయి. తప్పెట మాత్రం బయటే ఉండిపోయింది. దీనికి మిషనరీలనే నిందించి ఊరుకోవడం చరిత్రకు న్యాయం కాదు. తప్పెట కొట్టడం ఆ రోజుల్లో కళ కాదు, వెట్టి. ఊరి దేవర జరిగినా, దున్నపోతును బలి ఇచ్చినా, ఊర్లో చావు జరిగినా, సర్కారు చాటింపు వేయాలన్నా మాదిగవాడు తప్పెట తీసుకొని వెళ్ళి తీరాలి. రానని చెప్పే హక్కు అతనికి లేదు. మా ప్రాంతంలో పీర్ల పండుగ గుండం చుట్టూ కూడా ఆ తప్పెటే మ్రోగుతుంది. ఇటువంటి వ్యవస్థలో క్రీస్తును నమ్ముకొన్నవాడు మొట్టమొదట చేసిన బహిరంగ సాక్ష్యం తప్పెట కొట్టనని చెప్పడమే. ఒంగోలు ప్రాంతంలో 1866లో బాప్తిస్మం పొందిన యర్రగుంట్ల పేరయ్య తరువాత విశ్వాసులైన మాదిగలు ఊరి పండుగలకు తప్పెట కొట్టడానికి నిరాకరించి ఎన్ని కష్టాలు పడ్డారో జాన్ క్లౌ జ్ఞాపకాల గ్రంథం (1914) వివరిస్తుంది. 1876–78 ధాత కరువులో అత్యంత తీవ్రంగా దెబ్బతిన్న జిల్లాలలో బళ్ళారి, కర్నూలు ఉన్నాయి. అటువంటి కాలాల్లో ఊరి దయమీద బ్రతికే మనిషి ఊరికి ఎదురు చెప్పడమంటే అది తన గింజలను తానే వదులుకోవడం. ఆ పెద్దలు తప్పెటను క్రింద పెట్టింది విశ్వాసంతోనే. దానిని నేటి తరం తేలికగా మాట్లాడకూడదు.

అయితే ఆ నిరాకరణ రెండు మూడు తరాలు గడిచేసరికి వేరొక రూపం దాల్చింది. వెట్టిని కాదన్నవారి మనుమలు తప్పెటను చూసి సిగ్గుపడడం నేర్చుకొన్నారు. చదువుకొన్న క్రైస్తవుడు తన కులాన్ని దాచుకొనే ప్రయత్నంలో మొదట దాచవలసి వచ్చింది ఆ ధ్వనినే. సేవ వద్దన్నది విశ్వాసం. వాద్యమే అపవిత్రమన్నది ఊరివారి మాట, దానిని సంఘం తనకు తెలియకుండానే తన నోట పలికింది. ఈ రెంటికీ మధ్య ఉన్న తేడాను మన వేదాంత కళాశాలల్లో ఎంత మాట్లాడినా సంఘ పెద్దల సమావేశాల్లో మాట్లాడటం తక్కువ.

ఇక్కడ పరిశుద్ధ గ్రంథం ఏమి చెబుతున్నదో చూడాలి. ఎర్రసముద్రం దాటిన తరువాత మిర్యాము ఒక వాద్యాన్ని చేతపట్టుకొని బయలుదేరింది, స్త్రీలందరూ ఆమె వెంట అవే వాద్యాలతో నాట్యమాడుతూ వచ్చారు (నిర్గమ 15:20). యెఫ్తా కుమార్తె తండ్రికి ఎదురు వచ్చింది ఆ వాద్యంతోనే (న్యాయాధి. 11:34). ఫిలిష్తీయుని ఓటమి తరువాత ఇశ్రాయేలు పట్టణాల స్త్రీలు రాజుకు ఎదురు వచ్చిందీ దానితోనే (1 సమూ. 18:6). నూట యాభైయవ కీర్తన దానిని నాట్యంతో కలిపి చెబుతుంది. మన వాడుకలోనున్న తెలుగు బైబిలు ఈ చోట్లన్నిటిలో వాడిన మాట తంబుర.

తెలుగువారికి తంబుర అంటే తీగల వాద్యం. కచేరీలో శ్రుతి కోసం వెనుక కూర్చుని మీటేది ఒకటి, బుర్రకథ చెప్పే కథకుడు భుజాన వేసుకొని వాయించేది మరొకటి. మిర్యాము బుర్రకథకురాలిలా తంబుర భుజాన పెట్టుకొని నిలబడిన దృశ్యం నా చిన్ననాటి సండేస్కూలు ఊహల్లో ఉండేది! నిజానికి హెబ్రీ మూలంలో ఉన్న మాట తోఫ్. అది కొయ్యచట్రానికి తోలు బిగించి చేతితో వాయించే వాద్యం. పాలస్తీనా త్రవ్వకాలలో అటువంటి గుండ్రని వాద్యాన్ని రొమ్ముకు ఆనించుకొన్న స్త్రీల మట్టిబొమ్మలు దొరికాయి. అరబ్బీలోని దఫ్ అనే మాట దీనికి సోదరపదం. ఆంగ్లంలోని టింబ్రెల్ మాట ధ్వని చెవిలో ఉండి అనువాదకులు తంబుర అని ఉండవచ్చునని నా ఊహ. తమిళ బైబిలులోనూ ఇదే మాట కనిపిస్తుంది.

ఆదోనివంటి ఊరిలో ఈ విషయానికి మరో కోణం ఉన్నది. మా ఊర్లలో తెలుగు, కన్నడం, ఉర్దూ మూడూ వినిపిస్తాయి. కన్నడ బైబిలులో మిర్యాము చేత ఉన్నది దమ్మడి, అంటే చట్రం వాద్యమే. ఉర్దూ బైబిలులో దఫ్. బళ్ళారి వైపు కన్నడ విశ్వాసి ఆ వచనం చదివినప్పుడు తోలు వాద్యపు చప్పుడు వింటాడు. ఆదోని కోట క్రింద ఉర్దూలో చదివేవాడూ అదే వింటాడు. ఎదురింటి తెలుగు విశ్వాసి మాత్రం తీగ నాదం వింటాడు. ఒకే వచనం, ఒకే వీధి, మూడు చెవులు. తెలుగు అనువాదకులు తప్పెట అని వ్రాసి ఉంటే మన సంఘాల ఆరాధన వేరుగా ఉండేదని చెప్పలేను, ఒక్క మాట వల్ల కులవ్యవస్థ కరిగిపోదు. కాని ప్రార్థన మందిరంలో తప్పెటకు చోటు అడిగే యువకుడికి లేఖనం తోడుగా ఉండేది. ఇప్పుడు ఆ తోడు అనువాదం వెనుక దాగి ఉంది.

వాదన ఏకపక్షం కాకూడదు గనుక మరొక సంగతి కూడా గమనించాలి. దినవృత్తాంతాలు లేవీయుల వాద్యబృందాన్ని వర్ణించిన చోట (1 దిన. 15:16) స్వరమండలాలు, సితారాలు, తాళాలు ఉన్నాయి, తోఫ్ లేదు. తోఫ్ ఎక్కువగా స్త్రీల చేతి వాద్యం, వీధి వాద్యం, విజయోత్సవ వాద్యం. యాజకుల వ్యవస్థలో దానికి అధికారిక స్థానం లేదు. పైగా ద్రాక్షారసపు విందులలో అదే వాద్యం మ్రోగుతున్నదని యెషయా గద్దించాడు (5:12). అయినా దావీదు మందసం ముందు నడిచినప్పుడు అది ఉన్నది (2 సమూ. 6:5), ప్రవక్తల గుంపు ముందు ఉన్నది (1 సమూ. 10:5), చివరికి కీర్తనల గ్రంథపు ఆఖరి పుటలో దేవుని స్తుతించమని పిలుపు అందుకొన్న వాద్యాలలోనూ ఉన్నది. అంటే విగ్రహాల దగ్గర, మత్తు విందుల దగ్గర మ్రోగినందుకు లేఖనం ఆ వాద్యాన్ని వెలివేయలేదు. మన ప్రాంతంలో తప్పెటపై చెప్పే ప్రధాన అభ్యంతరం, ఇది దేవరలకు కొట్టినది అన్నది, సితారాకూ సన్నాయికీ కూడా వర్తిస్తుంది. సన్నాయి గుళ్ళో వాయించినదే. కాని క్రైస్తవ వివాహాలలో సన్నాయిమేళాన్ని ఎవరూ కాదనరు.

మన పొరుగున ఉన్న తమిళ సంఘాలలో ఈ చర్చ ముందే మొదలైంది. సత్యనాథన్ క్లార్క్ 1998లో ప్రచురించిన దళిత వేదాంత గ్రంథంలో పరయ ప్రజల తప్పెటను వారి మత జీవితానికి కేంద్ర చిహ్నంగా తీసుకొని క్రీస్తును ఆ చిహ్నం ద్వారా ధ్యానించాడు. మదురైలోని తమిళనాడు వేదాంత కళాశాలలో థియోఫిలస్ అప్పావు (1940–2005) జానపద బాణీలలో ఆరాధనక్రమాన్నే కట్టాడు. ఆఫ్రికాలో ఎన్నో మిషన్ సంఘాలు స్థానిక డ్రమ్ములను చాలాకాలం దూరంగా ఉంచాయి. 1958లో బెల్జియన్ కాంగోలో ఫ్రాన్సిస్కన్ ఫాదరీ గిడో హాజెన్ ఆధ్వర్యంలో మిస్సా లూబా వచ్చాక గాని ఆ తోలు వాద్యాలతో పూజ సాధ్యమని బయటి ప్రపంచానికి తెలియలేదు. 1963లో రెండవ వాటికన్ మహాసభ ఆరాధనపై చేసిన ప్రకటన స్థానిక సంగీత సంప్రదాయాలకు గౌరవమివ్వమన్నది. మన తెలుగు దేశంలో తప్పెటకు గౌరవం సంఘం నుండి రాలేదు. 1994లో ప్రకాశం జిల్లా ఈదుమూడి నుండి మొదలైన మాదిగ దండోరా ఉద్యమం నుండి వచ్చింది. బాప్తిస్మం పొందిన ఇళ్ళ పిల్లలు కూడా ఆ సభలలో తప్పెట పట్టుకొన్నారు. ఆదివారం మాత్రం ఇంట్లో పెట్టి వచ్చారు.

వాద్యం ఒక్కటే కాదు, చేతిపనుల విషయంలోనూ ఇదే జరిగింది. ఎమ్మిగనూరు మగ్గాల ఊరు. మాచాని సోమప్పగారు 1938లో స్థాపించిన చేనేత సహకార సంఘం వల్ల ఈ ఊరి దుప్పట్లు, తువ్వాళ్ళు దేశమంతా వెళ్ళాయి, ఆయనకు 1954లో పద్మశ్రీ లభించింది. ఆ మగ్గాల నడుమ ఉన్న మన ప్రార్థన మందిరాలలో బల్లపై పరచే గుడ్డ ఎక్కువగా మిల్లు వెల్వెట్టు, దానిపై జరీ అంచు. విజయవాడలో సెయింట్ లూక్స్ లలితకళా ఆశ్రమం నడిపిన లూథరన్ పాస్టరు పి. సాల్మన్ రాజ్ (1921–2019) మైనం, రంగులతో గుడ్డపైనే బైబిలు కథలను బాటిక్ చిత్రాలుగా వేశారు. ఆయనే దేవదాసు అయ్యగారి బైబిలు మిషన్‌పై 1986లో పరిశోధన గ్రంథం ప్రచురించారు. పల్లె విశ్వాసాన్ని చదివినవాడే పల్లె గుడ్డపై బొమ్మ వేయగలిగాడు. ఆయన చిత్రాలు విదేశాలలో ప్రదర్శింపబడ్డాయి. మా వైపు పల్లె మందిరాల గోడలపై నేను చూసేది పాశ్చాత్య చిత్రకారుల యేసు క్యాలెండరే.

ఇప్పటి పరిస్థితికి వద్దాం. ఈ ప్రాంతంలో వర్షాధార సేద్యం నమ్ముకొన్న కుటుంబాలు ఏటా సుగ్గికి పోతాయి. గుంటూరు వైపు మిరపకోతకు, పత్తి తీతకు పిల్లాపాపలతో బయలుదేరుతాయి. ఆ నెలల్లో కోసిగి, పెద్దకడబూరు వైపు కొన్ని పల్లెలలో ఆదివారం కూడివచ్చేది ముసలివారు మాత్రమే. సంఘం రెండుగా చీలుతుంది. సగం మిద్దెల నీడలో, సగం మిరపచేల గట్లమీద గుడారాలలో. ఆ గుడారాల దగ్గర రాత్రిపూట జరిగే కూటమికి కీబోర్డు లేదు, కరెంటు లేదు, పాస్టరు అప్పుడప్పుడే వెళ్ళగలడు. నోటికి వచ్చిన పాట, చేతి చప్పట్లు, ఒక్కోసారి బోర్లించిన బిందె. ఆరాధన సంఘాన్ని నిలబెడుతుందన్న మాటకు ఇంతకన్న సాక్ష్యం నాకు తెలియదు.

ఇందువల్లనే నేటి మందిరాలలో జరుగుతున్న మార్పు నన్ను కలవరపెడుతున్నది. పాటలు టీవీ ఛానెళ్ళ నుండి, యూట్యూబు నుండి వస్తున్నాయి. వాటికి తగిన ట్రాక్ పెట్టి మైకు దగ్గర ఇద్దరు ముగ్గురు పాడుతారు. శ్రుతి, వేగం యంత్రం నిర్ణయిస్తుంది. మిగిలినవారు చేతులెత్తి వింటారు. ఈ పాటలలో మంచివి లేవని కాదు. బోయ, కురువ కుటుంబాల నుండి వచ్చిన కొత్త విశ్వాసులను స్వతంత్ర సంఘాలకు ఆకర్షించినవాటిలో ఈ పాటలూ ఉన్నాయి. కార్మన్, చిలుకూరి వసంతరావుగారలు 2014లో ప్రచురించిన అధ్యయనం కూడా మెదకు ప్రాంతంలో పాత పల్లె సంఘాలు క్షీణించడాన్ని, కొత్త సంఘాల ఉజ్జీవాన్ని ప్రక్కప్రక్కనే గుర్తించింది. కాని ట్రాక్ లేనిదే పాడలేని సంఘం మిరపచేలోకి వెళ్ళినప్పుడు ఏమి పాడుతుంది? చరణం మధ్యలో గొంతు ఆగిపోయిన కూటములను నేను చూశాను. పాత కీర్తన వచ్చిన అవ్వ ఎత్తుకొంటేనే పాట ముందుకు సాగింది.

తప్పెటను తిరిగి తీసుకురావాలని నేను కోరడం గతాన్ని అలంకరించుకోవడానికి కాదు. అది పాడే గుంపును విడిచి ఉండలేని వాద్యం. పదిమంది అడుగు కలిపితేనే దానికి నడక. మంట దగ్గర కాచి, సిర్రా సిటికెన పుల్లా చేతబట్టి వాయిస్తే మైకు అవసరం లేదు, పొలం గట్టుమీద కూడా సంఘమంతటికీ తాళం అందుతుంది. పెద్దల వేదనను లెక్కలోకి తీసుకోవాలి. వారు క్రింద పెట్టినదానిని వారి సమ్మతి లేకుండా పైకెత్తకూడదు. యువజన కూటమిలో ఒక ప్రదర్శనగా తెచ్చి చప్పట్లు కొట్టించుకొని పంపడం ఇంకా తప్పు. అట్టి ప్రదర్శనలో తప్పెట మళ్ళీ వేడుకకు పిలిపించుకొన్న కూలివాడిలా మిగులుతుంది. నిర్గమకాండం పదిహేనవ అధ్యాయాన్ని మూలార్థంతో బోధించి, వెట్టి నుండి విడుదల పొందినవారే ఆ వాద్యాన్ని వాయించారన్న సంగతి వివరించి, ఆ పిమ్మట పెద్దలనే అడగడం సరైన క్రమమని నా అభిప్రాయం. మిర్యాము చేతిలోని తోఫ్ వెట్టిచాకిరీ ముగిసిన మరునాటి వాద్యం కదా.

మరో సంగతి. తప్పెట మన ఆరాధన దగ్గరికి అసలే రావడం లేదని అనుకోకూడదు. మా పల్లెల్లో విశ్వాసి ఎవరైనా మరణిస్తే బాప్తిస్మం పొందని బంధువులు తప్పెటలు మాట్లాడుకొని వస్తారు. శవయాత్ర ముందు ఊరి చివరి వరకు అవి మ్రోగుతాయి. సమాధుల తోట దగ్గర పాస్టరు పుస్తకం తెరిచేసరికి వాయించేవారు చప్పుడు ఆపి, తప్పెటలు చంకన పెట్టుకొని వేపచెట్టు కిందికి వెళ్ళి కూర్చుంటారు. వారిలో కొందరు ఆ సంఘంలో బాప్తిస్మం పొందినవారే.